అల్లుడి తలకి తగ్గ టోపీ

తెనాలి,
12 జూలై 1946

చిరంజీవి అల్లుడు కూర్మనాథంగారికి మామ కోటిలింగం ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం, మీ అత్తగారి కుడిచెయ్యి తప్ప. ఆవిడ నూతి దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారని తెలియగానే సాయానికి వాసవిని పంపారు. ఆ ఉపకారం మరవను. అమ్మాయి వచ్చేదాకా నేను వండిందే ఇంటిల్లిపాదీ తిన్నాం. మా దుకాణంలో పిల్లి కూడా పక్కింటికి కాపురం మార్చింది.

అసలు సంగతికి వస్తాను. మీరు మోటారు సైకిలు కొన్నారట. ఈ మాట మీరు రాయలేదు, అమ్మాయి చెప్పలేదు. నిన్న మిలిటరీవాళ్ల బండి ఒకటి మా వీధిలో ఫటఫటమంటూ పోతే, అమ్మాయి చేతిలో చేట అక్కడే వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తింది. ముఖమంతా ఎర్రబడిపోయింది. ఏమిటమ్మా అంటే, మాకూ ఇలాంటిదే ఉంది నాన్నా అని లోపలికి వెళ్లిపోయింది. ఎంత భయం లోపల పెట్టుకుంటే పిల్ల అలా ఉలిక్కిపడుతుంది?

మీరు నూలు వ్యాపారులు. జాలరులకి వలతాళ్లు అమ్ముకునే ఇంటికి ఎద్దుబండి చాలలేదా? నేను గాజు సామాను వ్యాపారిని. లాంతరు గ్లాసులు, చిమ్నీలు, సీసాలు. గాజుల బేరం భోజనానికి సరి అంటారు గానీ, ఆ భోజనం తింటూ ఒకటి నేర్చుకున్నాను. ఏది ఎలా పగులుతుందో ఈ జిల్లాలో నాకు చెప్పగలవాడు లేడు. మనిషి తలకాయ కూడా పగిలే సరుకే.

కనుక నా మాట ఇది. ఆ బండి మీద కూర్చునేటప్పుడు తలకి ఏం పెట్టుకుంటారో నాకు రాయండి. అది సరైనదని నాకు తోచాకనే వాసవి బరంపురం రైలెక్కుతుంది. మీ అత్తగారి చెయ్యి ఈలోగా అతుక్కున్నా సరే. కోటిలింగం మాట తప్పడని తెనాలి బజారంతా ఎరుగును.

తల విషయంలో తప్ప మిగతా అన్నిటా మిమ్మల్ని నమ్మిన
మామ కోటిలింగం


బరంపురం,
24 జూలై 1946

పూజ్యులు మామయ్యగారికి కూర్మనాథం నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగు రోజుల కిందట చేరింది. మీరు కవరు మీద "బరంపురం, గంజాం జిల్లా, మద్రాసు" అని రాశారు. మమ్మల్ని ఒరిస్సాలో కలిపి పదేళ్లయింది మామయ్యగారూ. పాపం ఆ కవరు ఎన్ని ఊళ్లు తిరిగిందో, ఒంటినిండా ముద్రలతో యాత్రలు చేసొచ్చిన సన్యాసిలా దిగింది. ఈసారి ఒరిస్సా అని రాయండి.

బండి సంగతి దాచింది నిజమే. మీరు కోప్పడతారని దాచాను. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలేసిన సామాను వేలం వేస్తే అందులో కొన్నాను. మాకు బడా బజారులో దుకాణం ఉన్నా, బేరమంతా బయట ఊళ్లలోనే. ఈ వారం ఆర్యపల్లి, పై వారం ఆస్కా, ఆ తర్వాత ఇంకా పైకి కొండదారి. సముద్రం మీదికి తెప్పలు వెళ్లే రోజుల్లో వలతాడు అందకపోతే జాలరులు వేరే కొట్టుకి పోతారు. ఎద్దులకి ఆ తొందర అర్థం కాదు.

మీ మాట ప్రకారం బడా బజారులోనే ఒక సోలా టోపీ కొన్నాను. దొరలు పెట్టుకునేదే. తెల్లగా, గట్టిగా, దర్జాగా ఉంది. పెట్టుకుని ఆర్యపల్లి వెళ్లాను. ఊళ్లోకి వెళ్లేసరికి ఒక్కడు లేడు. పొయ్యిల మీద కుండలు ఉడుకుతున్నాయి, మనుషులు లేరు. చేపలు ఎండబెట్టుకునే ఒక ముసలామె మాత్రం కదలలేదు. నన్ను పోల్చుకుని, "నువ్వా బాబూ. ఉప్పు ఇనస్పెట్టరనుకుని మావోళ్లందరూ సరుగుడు తోటలోకి ఎల్లిపోనారు" అంది. వాళ్లు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది. ఆ రోజు ఒక్క కండె అమ్మలేదు.

వచ్చేటప్పుడు గాలికి టోపీ ఎగిరి ఉప్పుకయ్యలో పడింది. తీసేసరికి అటుకుల ముద్దలా నానింది. అయినా ఆరబెట్టి, పట్టీ కుట్టించి మళ్లీ పెట్టుకుంటాను. దీన్ని మీరు ఒప్పుకుంటే శ్రావణ శుక్రవారం నాటికి వాసవిని పంపగలరు. ఇల్లు ఇల్లులా లేదు.

మీ ఆజ్ఞ కోసం ఎదురుచూసే
కూర్మనాథం


తెనాలి,
1 ఆగస్టు 1946

చిరంజీవి అల్లుడుగారికి ఆశీస్సులు.

కవరు మీద ఒరిస్సా అని రాశాను. నా చెయ్యి మద్రాసు వైపే లాగింది, బలవంతాన తిప్పాను.

మీ సోలా టోపీ సంగతి చదివి మా వీధి ప్లీడరు గుమాస్తా దగ్గర ఒకటుంటే అడిగి తెచ్చాను. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. అంతా బెండు. ఎండకి గొడుగు లాంటిది, రోడ్డుకి కాదు. ఆ టోపీ మీ తలకి పెట్టుకున్నారో, నాకు వేద్దామనుకున్నారో తెలియలేదు. ఒప్పుకోను.

మన పెద్దలకి తెలియని తెలివి దొరలకి వచ్చిందా? మా తాతగారు కొండవీటి దారిలో గుర్రం మీద నుంచి పడ్డారు. తలపాగా ఉంది కనక లేచి దుమ్ము దులుపుకుని మళ్లీ గుర్రమెక్కారు. లేకపోతే ఇవాళ నేనూ లేను, వాసవీ లేదు, మీకీ ఉత్తరమూ లేదు. మంచి నూలు పాగా ఒకటి పార్శిలు చేస్తున్నాను. మడతలు మందంగా రావాలి. మెత్తన ఉన్నచోటే దెబ్బ ఆగుతుంది.

మీ అత్తగారు అమ్మాయిని కూడా ఒకమాట అడగమన్నారు. తలపాగాల సంగతి ఆడపిల్లని అడిగేదేముందని ఊరుకున్నాను. అది రోజూ తపాలా బంట్రోతు వచ్చేవేళకి వీధి అరుగు మీద ఉంటుంది. ఆ అరుగు ఇప్పుడున్నంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

పాగా చుట్టుకుని ఎలా ఉందో రాయండి.

మామ కోటిలింగం


బరంపురం,
9 ఆగస్టు 1946

పూజ్యులు మామయ్యగారికి నమస్కారాలు.

పాగా అందింది. అద్దంలో చూసుకుంటే పెళ్లినాటి కంటే బాగున్నాను. ఆ మురిపెం ఛత్రపురం దారిలో సగం వరకే నిలిచింది. గాలికి కొంగు ఊడి వెనక్కి ఎగిరి చక్రంలో పడింది. చక్రం తిరిగింది, పాగా బిగిసింది, నా మెడ వెనక్కి లాగేసింది. బండి మెల్లగా పోతోంది కనక బతికాను. బండి బాగుచేసే దాలయ్య ఎదురుగా ఎద్దుబండిలో వస్తూ చూసి, పరిగెత్తుకొచ్చి కత్తితో గుడ్డ కోశాడు.

"బుర్ర కాసుకోమంటే మెడకి ఉరేసుకున్నావేటి బాబూ" అన్నాడు.

మీ తాతగారి గుర్రానికి చక్రాలు లేవు మామయ్యగారూ. ఆ తేడా మనిద్దరికీ తోచలేదు.

ఇప్పుడు వేరే ఏర్పాటు చేశాను. విమానాలు నడిపేవాళ్లు పెట్టుకునే తోలు టోపీ ఒకటి వేలం సరుకులో దొరికింది. తలకి అతుక్కుని ఉంటుంది, చెవులు మూస్తుంది, గడ్డం కింద బొత్తాం. ఎగరదు, ఊడదు. కళ్లకి అద్దాలు కూడా ఉన్నాయి. తోలు వస్తువని మా అమ్మ దాన్ని గడప దాటనివ్వదు, వీధిలో మేకుకి తగిలించి లోపలికి వస్తాను. లోపల ఎవరో సిపాయి పూసుకున్న నూనె వాసన కొంచెం ఉంది. అదొక్కటీ ఓర్చుకుంటే దీనికి వంక లేదు. సిపాయిల ఉక్కు టోపీలు కూడా అమ్ముతున్నారు గానీ, ఆర్యపల్లి వాళ్లు వాటితో పడవలో నీళ్లు తోడుకుంటున్నారు. అలాంటిది నెత్తిన పెట్టుకోబుద్ధి కాలేదు.

శ్రావణ శుక్రవారం ఇవాళే అయిపోయింది. వాసవి లేక మా ఇంట్లో పూజ జరగలేదు. దయచేసి ఒప్పుకోండి.

కూర్మనాథం


తెనాలి,
22 ఆగస్టు 1946

కూర్మనాథానికి,

ఆశీస్సులు లేవు. మీరు అనడం కూడా ఇవాళ్టితో సరి.

మా అమ్మాయికి నువ్వు రాసిన కార్డు నిన్న వచ్చింది. కవరైతే నేను విప్పను. కార్డుకి తలుపుల్లేవు, ఎవరైనా చదువుతారు. నేనూ చదివాను. నీ అక్షరాలే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, కాదంటావేమో చూద్దాం: "ఆర్యపల్లిలో ముండ ఫాటిగలా. సీతాలు పసుపు పెట్టింది. కాహాకు కహిబ నాహిఁ."

మిగతా మాటలు మీ ఊరి భాష కాబోలు, నాకు తెలియవు. నాకు తెలిసిన మాటలు నాకు చాలు. ఆర్యపల్లిలో ఒక ముండ ఉంది. దాని పేరు సీతాలు. వ్యవహారం పసుపు దాకా వచ్చింది. ఇదంతా నా కూతురికి కార్డు మీద రాసే ధైర్యం నీకు ఎక్కడిదయ్యా? మోటారు సైకిలు దేనికో, ఆ ఊరికే అన్నిసార్లు పరుగులెందుకో ఇప్పుడు బోధపడింది.

అమ్మాయి కార్డు చదివి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. ఏమిటమ్మా ఇది, ఏం రాశాడు అని అడిగాను. చెప్పకూడదు నాన్నా అంది. ఎంత అడిగినా అదే మాట. నీ పరువు అది కాపాడుతోంది. పొద్దుటి నుంచీ దేవుడి గదిలో కూర్చుని ఏడుస్తోంది. తెనాలిలో మీ భాష వచ్చినవాడు ఉన్నాడేమో కనుక్కుందామనుకుని ఊరుకున్నాను. ఉన్నా, ఇంటి గుట్టు బజారులో పెట్టి చదివించుకోలేను.

ఇంక టోపీలు వద్దు, పాగాలు వద్దు. నీ తల ఏమైపోయినా నాకు పనిలేదు. వాసవి ఇక్కడే ఉంటుంది.

కోటిలింగం


బరంపురం,
26 ఆగస్టు 1946

మామయ్యగారికి నమస్కారాలు. ఈ ఉత్తరం చివరిదాకా చదవండి, మధ్యలో చింపకండి.

ఒడియాలో ముండ అంటే తల. అంతే. ఇక్కడ పిల్లలు కూడా రోజుకి వందసార్లు అనే మాట. ముండ నొప్పి, ముండకి నూనె, అన్నీ అదే. నా కార్డులో ఉన్నది ఇది: ఆర్యపల్లిలో తల పగిలింది, సీతాలు పసుపు పెట్టింది, ఎవరికీ చెప్పకు.

మా ఇద్దరికీ అదొక అలవాటు. పరాయి ఊళ్లో పెద్దవాళ్ల ముందు సొంతమాట చెప్పుకోవాలంటే, వాసవి ఇక్కడికొచ్చాక నేర్చుకున్న ఒడియాలో చెప్పుకుంటాం. ఇక్కడ అందరికీ ఆ భాష వచ్చు కనక మా అమ్మ దగ్గర ఆ ఆట సాగదు. తెనాలిలో సాగుతుందనుకున్నాను. తెలుగు లిపిలో రాస్తే ఆ ఒక్క మాటా మీ కంట్లో ఎలా పడుతుందో ఆలోచించలేదు. వాసవి ఏడ్చింది నా తల పగిలిందని. మీకు చెప్పనిది నేను వద్దన్నానని.

సీతాలు నేను ముందు రాసిన ఆ ముసలామే. మా నాన్నని ఎరిగిన మనిషి. ఆవిడకి నాకంటే పెద్ద మనవలున్నారు.

ఇక దాచను. దారికి అడ్డంగా వల ఆరేసి ఉంది. దాని మీదికి పోనివ్వలేక పక్కకి తిప్పాను. ఇసకలో బండి జారింది. తెప్పకి కట్టే లంగరు రాయి మీద తల కొట్టుకుంది. తోలు టోపీ పెట్టుకునే ఉన్నాను. పైకి అది చెక్కుచెదరలేదు, లోపల నా తల పగిలింది. సీతాలు టోపీ విప్పి, గాయానికి పసుపు అద్ది, చీర చింపి కట్టింది. "దెబ్బని ఆపనేదు బాబూ ఈ తోలు, రగతం కనపడకుండా దాసిందంతే" అంది. ఛత్రపురంలో డాక్టరు కుట్లు వేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నాను. బండి దాలయ్య దగ్గర పడి ఉంది. దాన్ని చూడటానికి కూడా వెళ్లలేదు.

నాకు భయం వేసింది మామయ్యగారూ. రాయి మీద పడ్డ క్షణంలో నాకు వాసవి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. మీరు మొదటినుంచీ చెప్పింది సరైనదే, టోపీలే సరైనవి కావు. నన్ను ఏమైనా అనండి, ఆ పిల్లని మాత్రం ఏడవనివ్వకండి.

కూర్మనాథం


తెనాలి,
3 సెప్టెంబరు 1946

నాయనా కూర్మనాథం,

నీ ఉత్తరం చదివి అమ్మాయికి చూపించాను. "నాన్నా, మీరు ముండ అంటే ఏమనుకున్నారు" అంది. చెప్పాను. కన్నీళ్ల మధ్యనే నవ్వడం మొదలుపెట్టింది. మీ అత్తగారు వచ్చి విని, విరిగిన చెయ్యి పట్టుకుని నవ్వారు. నేనొక్కణ్ణీ ఇంట్లో వెర్రివాణ్ణయి దుకాణానికి పోయాను. తలకాయకి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, దొరికితే రెండు మాటలు అడగాలి.

దుకాణంలో కూర్చున్నాక నవ్వు పోయింది. ఆ మాట మీకొకటి, మాకొకటి అనుకున్నాను. కాదు. నీ ఒడియా ముండ ఆ రాయి మీద ఇంకాస్త గట్టిగా పగిలి ఉంటే, తెలుగు మాట నా కూతురి మీద పడేది. ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు. నిన్ను నువ్వు అనే ఉంచుతున్నాను, కోపంతో కాదు.

ఇక ఈ పని నీ చేతిలో పెట్టదలచుకోలేదు. మద్రాసులో మాకు గ్లాసు పంపే ఏజెంటుకి తంతి కొట్టి యుద్ధం సరుకులోంచి రెండు రకాలు తెప్పించాను. ఒకటి నువ్వు రాసిన ఉక్కు మూకుడు. రెండోది మోటారు సైకిళ్ల మీద ఉత్తరాలు మోసే సిపాయిలకని చేసిన హెల్మెట్టు. దాని డిప్ప ఉక్కు కాదు, కాగితపు గుజ్జు అదిమి గట్టిపరిచినది. లోపల నారపట్టీలతో ఉట్టిలా అల్లారు, చుట్టూ మెత్త పెట్టారు, చెవులు మూసేలా తోలు కుట్టారు, గడ్డం కింద పట్టీ ఉంది. కాగితంతో చేసిన దాన్ని చూసి మొదట నవ్వాను.

తర్వాత మా సరుకుని చూసినట్టు చూద్దామని, ఒక్కోదాంట్లో ఒక్కో లాంతరు గ్లాసు తుండుగుడ్డ చుట్టి బిగించి, పట్టీలు కట్టి మేడ మీద నుంచి వీధిలోకి వదిలాను. బజారంతా చేరింది. కోటిలింగానికి మతిపోయిందన్నారు. ఉక్కు మూకుడు ఠంగున మోగి దొర్లింది. దానికి సొట్ట లేదు. విప్పితే గ్లాసు నుగ్గు. రెండోది ధబ్బుమంది. డిప్ప చీలింది. గ్లాసు నిక్షేపంలా ఉంది.

నాకు అప్పుడు సిగ్గేసింది, ఎందుకంటే ఇది నా వృత్తిలో మొదటి పాఠం. గ్లాసుని పెట్టె కాపాడదు, పెట్టెకీ గ్లాసుకీ మధ్యనున్న గడ్డి కాపాడుతుంది. దెబ్బని ఎవరో ఒకరు తినాలి. పెట్టె తినకపోతే గ్లాసు తింటుంది. చీలినదాన్ని పారేసి అలాంటిదే ఇంకొకటి పంపమని ఏజెంటుకి రాశాను. ఒకసారి దెబ్బ తిన్నాక పైకి ఎంత బాగున్నా దాని పని అయిపోయినట్టే. నువ్వూ అది గుర్తుంచుకో.

ఒప్పుకుంటున్నాను. ఇదే టోపీ. కానీ వదులైతే దండగ, బిగువైతే నువ్వు తీసి పక్కన పెడతావు. నీ కొట్లో వలతాడు తీసి, కనుబొమల పైనుంచి చెవుల మీదుగా తల చుట్టూ తిప్పి, కలిసినచోట ముడి వేసి పంపు. అది రాగానే అమ్మాయి ప్రయాణం.

మామ


బరంపురం,
11 సెప్టెంబరు 1946

పూజ్యులు మామయ్యగారికి నమస్కారాలు.

తాడు పంపుతున్నాను. దాలయ్య చేత కొలిపించాను. "సావుకారి బుర్ర పెద్దదేగానీ లోపలేటుందో తెల్దు" అని ముడి వేశాడు. కుట్లు విప్పేశారు. మచ్చ జుట్టులోకి పోయింది, వాసవి వెతికితే తప్ప కనపడదు.

మీరు మేడ మీద నుంచి గ్లాసులు పడేస్తున్నారని ఊహించుకుంటే నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. మా నాన్న పోయాక నా తల గురించి ఇంత ఆలోచించినవాళ్లు లేరు.

ఏ రైలుకి వస్తున్నదీ రాయండి. స్టేషనుకి నడిచే వెళతాను.

మీ కూర్మనాథం


తెనాలి,
20 సెప్టెంబరు 1946

నాయనా కూర్మనాథం,

తాడు వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నా మాట చెల్లడం మానేసింది.

హెల్మెట్టులో తాడు పెట్టి చూస్తున్నాను. అమ్మాయి వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుని, తన తలకి చుట్టుకుంది. కళ్ల మీదికి జారింది. "నాకు ఇది వదులు నాన్నా" అంది. నీకెందుకమ్మా అన్నాను. ఆ బండికి వెనక ఇంకో సీటుంది కదా అంది.

ఒరే నాయనా. తెల్లవారుజామున గోపాలపురం సముద్రం దాకా నా కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడివట. మొగలి పొదల వాసనట. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడట. మీ అమ్మగారు లేచేలోగా ఇంటికి వచ్చేసేవారట. ఇన్ని ఉత్తరాల్లో ఈ ఒక్క ముక్క రాయడానికి నీకు చోటు దొరకలేదా? మా వీధిలో బండి చప్పుడు వింటే అది పరిగెత్తింది భయంతో అనుకున్నాను. ఇష్టంతోనట. కన్న కూతురి ముఖంలో ఏది భయమో ఏది సంతోషమో పోల్చుకోలేని నేను, బోల్తాపడే బండి గురించి నీకు బుద్ధులు చెబుతున్నాను.

భయం లేకపోలేదు. అది నీ కార్డుతో వచ్చిందట. అప్పటినుంచీ ఆ సీటు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోందట. బండి మానేసెయ్యమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంకో మాట కూడా అంది. అది అన్నట్టే రాస్తున్నాను, నువ్వూ చదువుకోవాలి.

"నన్ను పంపుతాననీ పంపననీ మీరు రాసుకుంటున్నారు, పంపండి పంపండని ఆయన రాసుకుంటున్నారు. బండి మీద రెండు తలలుంటాయి నాన్నా. నా తల కొలత ఎవరూ అడగలేదు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేను దుకాణంలో గ్లాసు పెట్టెకి చెప్పినట్టు దానికి చెబుతున్నాను, ఇక్కడ ఉండు, అక్కడికి పో అని. ఇందులో నువ్వు తాడిని తన్నేవాడివైతే, నేను నీ తలదన్నేవాణ్ణి.

సిపాయిల హెల్మెట్లలో ఆడపిల్ల తలకి సరిపడేది లేదని మద్రాసు నుంచి జవాబొచ్చింది. అందుకని నీ కొలతకి రెండు తెప్పించి, రెండోదాన్ని నేనే సర్దాను. అమ్మాయిని దుకాణంలో నా ముందు కూర్చోబెట్టుకున్నాను. తాడు చుట్టి కొలిచాను. లోపలి ఉట్టి బిగించాను, చుట్టూ ఉన్ని ముక్కలు కుట్టాను, జడ ముడికి వెనక కాస్త చోటు వదిలాను. పట్టీ కట్టి తల ఊపమన్నాను. టోపీ కదిలింది. విప్పి మళ్లీ కుట్టాను. తలతోపాటు ఊగేదాకా, విడిగా ఊగనంతదాకా కుట్టాను. బేరాలకి వచ్చినవాళ్లని రేపు రమ్మన్నాను.

కూర్మనాథం, నాకు భయంగా ఉంది. ఆ మాట రాయడానికి మొహమాటపడను. బండి ఎక్కొద్దంటే నా కోసం ఎక్కడం మానుతుందేమో. ఆ చప్పుడు విన్నప్పుడు గుమ్మంలోకి పరిగెత్తకుండా ఆపలేను. అందుకే ఆపడం లేదు.

ప్రయాణం సోమవారం మెయిలుకి. ఆ రైలు అది చూసుకుని చెప్పిందే, నేను చెప్పింది కాదు. టిక్కెట్టు మాత్రం నన్ను కొననిచ్చింది.

నాన్న లాంటి మామ


బరంపురం,
30 సెప్టెంబరు 1946

పూజ్యులు మామయ్యగారికి కూర్మనాథం నమస్కారాలు.

వాసవి క్షేమంగా చేరింది. గడ్డితో నిండిన మీ పెట్టె కూడా చేరింది. రైల్లో దాన్ని కింద పెట్టలేదట, ఒడిలో పెట్టుకునే వచ్చిందట. దిగగానే కుశలం అడగలేదు. ప్లాట్‌ఫారం మీదే నా తల వంచమని జుట్టు పాయ తీసి మచ్చ వెతికి, వేలితో తడిమి చూసింది. చుట్టూ జనం చూస్తున్నారని నేను సిగ్గుపడ్డాను. ఆవిడ పడలేదు.

వెనక సీటు సంగతి మా అమ్మకి మేమే చెప్పాం. ఆవిడ వాసవి హెల్మెట్టు తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూసి, ఈ కుట్టు ఎవరిది అని అడిగింది. మా నాన్నది అంది వాసవి. అమ్మ దాన్ని గడప లోపల పెట్టింది, చెవుల దగ్గర తోలున్నా. నాదింకా బయట మేకుకే ఉంది.

దాలయ్య బండి బాగుచేసి తెచ్చాడు. నాలుగు రోజులు అది వీధిలోనే ఉంది. ఎక్కమని నేను అడగలేదు. ఈసారి అడగకూడదనుకున్నాను. ఇవాళ తెల్లవారుజామున లేచి చూస్తే వాసవి పట్టీ కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

మెల్లగానే పోనిచ్చాను. మొదట్లో ఆమె నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. చొక్కాలోంచి గోళ్లు దిగాయి. వెనక్కి తిప్పుదామా అని చేత్తో సైగ చేస్తే, వద్దని భుజం నొక్కింది. గోపాలపురం దగ్గరకి వచ్చాక వెనక నుంచి ఏదో అంది. ఇద్దరి చెవులూ మూసి ఉన్నాయి, సముద్రం హోరు, బండి చప్పుడు, ఒక్క ముక్క వినపడలేదు. మళ్లీ అంది. మళ్లీ వినపడలేదు.

బండి ఆపి, దిగి, ఏమన్నావని అడిగాను.

"భయం వేయడం లేదు అంటున్నాను. నాన్నకి రాయండి" అంది.

రాస్తున్నాను.

మీ కూర్మనాథం